చిలపల కట్టకు పరీక్ష రిపోర్టు కూడా జత చేయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం వస్తుంది. ఆ రోజు పేపర్లలో చీరల ఫొటోలు వేస్తారు, మగ్గం గుంటలో కూర్చున్న నేతన్న ఫొటో వేస్తారు, కూలి గిట్టడం లేదని, అప్పులు పెరిగాయని, పింఛను రాలేదని రాస్తారు. అవన్నీ రాయాల్సినవే. కానీ ఆ మగ్గం మీదకు ఎక్కిన నూలు ఎలాంటిది, దాన్ని ఎవరైనా పరీక్షించారా, పరీక్షిస్తే ఏం తేలింది అన్న సంగతి ఇన్నేళ్ళలో నేనెక్కడా చదవలేదు. నేను గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు క్వాలిటీ ల్యాబులో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖపట్నంలో సీతమ్మధారలో ఉంటున్నాను. దారం పరీక్షించడం తప్ప వేరే పని తెలియదు నాకు, అందుకే దాని గురించే రాస్తున్నాను, కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా మేనమామ కొడుకు, వరసకు బావమరిది, తునికి ఇవతల పాయకరావుపేటలో మగ్గం నేస్తాడు. పోయిన వానాకాలం 80 కౌంటు నూలు (కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం) రెండు కట్టలు తెచ్చుకున్నాడు. ఒక కట్ట విప్పి, నాలుగు చిలపలు, అంటే నూలు చుట్టలు, పక్కన పెట్టి, మిగతాదానికి రంగు వేయించి, ఆసు పోసి, గంజి పెట్టి మగ్గానికి ఎక్కించాడు. మొదటి రోజు నుంచే పడుగు పోగులు, అంటే నిలువు పోగులు, తెగడం మొదలైంది. నేతలో పోగు తెగడం కొత్తేమీ కాదు, ముడేసి మళ్ళీ నేస్తారు. కానీ జానెడు గుడ్డ నేసేసరికి నాలుగైదు సార్లు ముడేయాల్సి వస్తే ఇక ఆ రోజు కూలి ఎక్కడిది? అడ్డంగా వేసే పేకకు కూడా అదే నూలు వాడాడు కాబట్టి ఇంకో సమస్య వచ్చింది, గుడ్డ వెలుగులో పెట్టి చూస్తే టేకు చెక్క మీద గీతల్లాగా అలలు అలలుగా కనిపిస్తోంది. మూడు చీరలు రెండో రకం కింద పోయాయి. నూలు అమ్మిన వ్యాపారిని అడిగితే ‘నూలుది తప్పేం లేదు, లేబులు చూసుకో, మీది సముద్రం గాలి, తేమ ఎక్కువ, పైగా మీ గంజి సరిగ్గా లేదు’ అన్నాడట. విప్పని రెండో కట్టను కూడా వెనక్కి తీసుకోనన్నాడు.

‘బావా, ముప్ఫై ఏళ్ళ నుంచి గంజి పెడుతున్నాం, మాకు గంజి పెట్టడం రాదా? నువ్వు చేసిన ఉద్యోగం దారం చూడటమే కదా, ఓసారి చూడు’ అని ఆ నాలుగు చిలపలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కి నా దగ్గరకు వచ్చాడు. నాకు తెలిసినవాళ్ళ ల్యాబుకు వాటిని తీసుకెళ్ళాను. ఒక రోజంతా తేమ సరిచేసిన గదిలో ఉంచి, చిన్న బాబిన్లకు మెల్లగా చుట్టి, దారం సమంగా ఉందో లేదో చూసే మిషన్ మీద పెట్టాం. నాలుగింటిలోనూ సన్నబడిన చోట్లు ఆ కౌంటుకు ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. రెండింటిలో మాత్రం, ఒకే తప్పు ఎంత దూరానికోసారి వస్తోందో చూపే గ్రాఫు మీద 8.5 సెంటీమీటర్ల దగ్గర ఒక స్తంభం నిటారుగా లేచింది. అది చూడగానే నాకు సంగతి అర్థమైంది. నూలు వడికే రింగ్ ఫ్రేములో ముందు రోలరు వ్యాసం 27 మిల్లీమీటర్లు ఉంటే దాని చుట్టుకొలత దాదాపు 8.5 సెంటీమీటర్లు. అక్కడ రోలరు ఇసుమంత వంకరగా తిరిగినా ప్రతి చుట్టుకూ ఒకసారి దారం లావై సన్నమవుతుంది, దారం పొడవునా ఎనిమిదిన్నర సెంటీమీటర్లకోసారి అదే తప్పు పడుతూనే ఉంటుంది. ఆ దారాన్ని పేకలో అటూ ఇటూ నేస్తే లావు చోట్లు ఒకదాని పక్కన ఒకటి చేరి అలల్లా కనబడతాయి. గంజికీ గాలికీ దీనితో ఏ సంబంధమూ లేదు. మిల్లులో ఒక్క రోలరు మార్చి ఉంటే ఆ చీరలు బాగుండేవి.

ఈ మిషన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది నూలు నాణ్యత అంటే ఇప్పటికీ కంటితో చూసి చేత్తో లాగి చెప్పేదే అనుకుంటున్నారు. ఒకప్పుడు అలాగే ఉండేది. నల్ల బోర్డు మీద దారం దగ్గర దగ్గరగా చుట్టి, పక్కన ప్రమాణ ఫొటో పెట్టుకుని ఏ గ్రేడో చెప్పేవాళ్ళం. ఇద్దరు చూస్తే రెండు గ్రేడులు వచ్చేవి. స్విట్జర్లాండ్‌లో ఉస్టర్ అనే ఊరి కంపెనీ 1940ల చివర్లో ఎలక్ట్రానిక్ పద్ధతి తెచ్చింది, ఆ ఊరి పేరే మిషన్ పేరైపోయింది, మన మిల్లుల్లో ఇప్పటికీ ‘ఉస్టర్ ఎంత వచ్చింది?’ అనే అడుగుతారు, అంటే దారంలో హెచ్చుతగ్గులు ఎంత శాతం అని. అందులో రెండు చిన్న లోహపు పలకలుంటాయి, వాటి మధ్య విద్యుత్ క్షేత్రం ఉంటుంది, ఆ సందులోంచి దారం నిమిషానికి 400 మీటర్ల వేగంతో పోతుంటుంది. పలకల మధ్య ఉన్న పత్తి ఎక్కువైతే కెపాసిటెన్స్, అంటే ఆ పలకలు విద్యుత్తును నిలుపుకునే సామర్థ్యం, పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. సుమారు 8 మిల్లీమీటర్ల ముక్క ముక్కకూ బరువు ఎలా మారుతోందో ఆ సెన్సర్ పట్టేస్తుంది. వెయ్యి మీటర్ల దారం చూడటానికి రెండున్నర నిమిషాలు చాలు. సగటు కన్నా 50 శాతం సన్నబడిన చోట్లు ఎన్ని, 50 శాతం లావైనవి ఎన్ని, 200 శాతం దాటిన నెప్పులు, అంటే చిన్న చిన్న పత్తి ఉండలు ఎన్ని, అన్నీ కిలోమీటరుకు ఇన్ని అని లెక్క వస్తుంది. కొత్త మిషన్లలో కాంతితో చూసే సెన్సర్ కూడా ఉంటుంది, అది దారం వ్యాసాన్నీ, బయటికి పొడుచుకొచ్చిన నూగునూ కొలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా ఒప్పుకోవాలి. ఏ మిల్లూ పూర్తిగా సమంగా ఉండే దారం తీయలేదు. 80 కౌంటు పోగును అడ్డంగా కోసి చూస్తే సుమారు యాభై అరవై పత్తి పీచులుంటాయి, అవి వాటంతట అవి పడే తీరులోనే హెచ్చుతగ్గులు ఉంటాయి, లెక్క ప్రకారం చూసినా పదమూడు పద్నాలుగు శాతం తేడా లేకుండా ఆ దారం తయారవదు. కౌంటు పెరిగి దారం సన్నబడేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అందుకే ‘మాకు లోపం లేని నూలు ఇవ్వండి’ అని నేను అడగడం లేదు. 1957 నుంచి ప్రపంచంలోని మిల్లుల లెక్కలు పోగేసి ఆ కంపెనీ ప్రమాణ పట్టికలు వేస్తోంది. అందులో 5 శాతం గీత మీద ఉన్నామంటే ప్రపంచంలో నూటికి ఐదు మిల్లులే అంత బాగా లేదా అంతకన్నా బాగా తీస్తున్నాయని అర్థం, 95 దగ్గర ఉన్నామంటే దాదాపు అందరూ మనకన్నా బాగానే తీస్తున్నారని. పరీక్ష మార్కుల్లా ఎక్కువ వస్తే మంచిదని పొరబడకూడదు. నేనడిగేది ఒక్కటే, ఈ కట్ట ఏ గీత దగ్గర ఉందో కొనేవాడికి తెలియాలి.

అసలు బాధ ఏంటంటే, ఈ వివరాలన్నీ మిల్లులో ఉంటాయి. కొత్తగా ఎవరూ కనిపెట్టక్కర్లేదు. రోజూ ఫ్రేముల వారీగా బాబిన్లు తెచ్చి ల్యాబులో చూస్తాం, రిపోర్టు ప్రింటు తీసి ఫైల్లో పెడతాం. ఎగుమతి బట్టల కంపెనీకి కోన్లు (శంకు ఆకారపు నూలు ఉండలు) పంపేటప్పుడు ఆ రిపోర్టు జత చేయకపోతే సరుకే దింపుకోరు. అదే మిల్లు చిలపలు కట్టి చేనేతకు పంపేటప్పుడు మాత్రం కౌంటు, బరువు, మిల్లు పేరు ఉన్న లేబులు ఒకటి అంటించి పంపుతుంది. నా సర్వీసులో చిలపల కట్టకు రిపోర్టు ఇమ్మని ఎవరూ నన్ను అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నాకు బాధగానే ఉంది.

ఇంకో సంగతి బయటివాళ్ళకు తెలియదు. కోన్లు చుట్టే ఆటోమేటిక్ వైండింగ్ మిషన్లో ప్రతి దారం దారికీ ఒక ఎలక్ట్రానిక్ క్లియరర్ ఉంటుంది. అది ల్యాబులోలాగా నమూనా తీసి చూసేది కాదు, వెళ్ళే దారం మొత్తాన్నీ మీటరు మీటరూ చూస్తుంది. పెద్ద లావు చోటు గానీ, పొడవాటి సన్న చోటు గానీ కనబడితే అక్కడికక్కడ కత్తిరించి, గాలితో రెండు కొసలూ అతికిస్తుంది. కానీ చిలపలను కొన్ని చోట్ల కోన్ల నుంచి కాకుండా రింగ్ ఫ్రేము బాబిన్ల నుంచి నేరుగా చిలపలు చుట్టే రీలింగ్ మిషన్ మీదకు తీసుకుంటారు. అప్పుడు ఆ దారం ఏ క్లియరర్ కంటా పడదు. ఒక కట్టలో చాలా కదుళ్ళ (స్పిండిళ్ళ) దారం కలిసి ఉంటుంది, ఒక చిలప బంగారంలా ఉంటుంది, పక్కదాంట్లో మా బావమరిదికి వచ్చినట్టు వస్తుంది. పది పౌన్ల కట్ట, అంటే దాదాపు నాలుగున్నర కిలోలు. 80 కౌంటైతే అందులో 800 చిలపలు. చిలపకు 840 గజాలు. మొత్తం కలిపితే 614 కిలోమీటర్లు, విశాఖ నుంచి హైదరాబాద్ దాకా పరచొచ్చు. అంత దారాన్ని నేతగాడు వేళ్ళతో తడిమి పరీక్షించుకోవాలా?

లేబులు మీద బలం అంకె, సీఎస్‌పీ అంటారు, అది వేసే మిల్లులు ఉన్నాయి. మంచిదే, కానీ ఆ ఒక్క అంకె చూసి నమ్మితే దెబ్బతింటాం. ఆ పరీక్షకు 120 గజాల దారాన్ని గజంన్నర చుట్లుగా 80 చుట్లు చుట్టి, అంటే 160 పోగులు కలిపి ఒకేసారి లాగుతారు. గుంపులో బలమైన పోగులు బలహీనమైనవాటిని మోసేస్తాయి. మగ్గం మీద అలా కాదు, ప్రతి పోగూ తన బరువు తానే మోయాలి, ఒక్క సన్న చోటున్నా అక్కడే తెగుతుంది. అందుకే సన్న చోట్ల లెక్క లేకుండా సీఎస్‌పీ మాత్రమే చెప్పడం నేతగాడికి సగం సమాచారం ఇవ్వడమే.

కేంద్ర ప్రభుత్వం నిబంధన ప్రకారం మిల్లులు దేశీయ మార్కెట్‌కు ప్యాక్ చేసే నూలులో ఇంత శాతం చిలపల రూపంలో ఉండాలి. ఒకప్పుడు అది 50 శాతం, 2003లో 40 చేశారు, 2019లో 30కి తగ్గించారు. అందులోనూ 80 శాతం 80 కౌంటు, అంతకన్నా లావు రకాలు ఉండాలన్నారు. మంచి నిబంధన, చేనేతకు నూలు దొరకాలనే పెట్టారు. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా చిలపల నూలు మీద 15 శాతం రాయితీ కూడా ఇస్తున్నారు. అంటే ఎంత ప్యాక్ చేయాలో, ఎంత రేటు తగ్గించాలో ప్రభుత్వం చెప్పింది. ఎలా ఉండాలో ఎందుకు చెప్పకూడదు? రాయితీ ఇచ్చే ప్రతి లాటుకూ కౌంటు, దాని హెచ్చుతగ్గులు, సీఎస్‌పీ, ఉస్టర్ శాతం, కిలోమీటరుకు సన్న చోట్లు లావు చోట్లు నెప్పులు, నూగు, పరీక్షించిన తేదీ, అప్పుడు గదిలో ఉన్న తేమ, ఇవి అరచేతంత కాగితం మీద తెలుగులో అచ్చువేసి కట్టకు జత చేయమంటే మిల్లుకు అయ్యే ఖర్చు ఏపాటిది? ఫైల్లో ఉన్న అంకెలే కదా. నేతవాళ్ళకు ఈ అంకెలు అర్థం కావని ఒకాయన నాతో అన్నారు. మగ్గంలో పోగులు పట్టే దువ్వెన లాంటి అచ్చు నంబరు చూసి అంగుళానికి ఎన్ని పోగులో నోటితో లెక్క చెప్పేవాళ్ళకు కిలోమీటరుకు ఎన్ని సన్న చోట్లు అనేది అర్థం కాదా? ఆ మాట నాకు నచ్చలేదు.

రెండో కోరిక, విశాఖలో ఒక నూలు పరీక్ష కేంద్రం కావాలి. కోయంబత్తూరులో సిట్రా, అహ్మదాబాద్‌లో అటీరా, ముంబైలో బీటీఆర్‌ఏ ఉన్నాయి, అవి పెద్ద జౌళి పరిశోధన సంస్థలు, గొప్ప పని చేస్తున్నాయి. కానీ పాయకరావుపేట నేతగాడు నాలుగు చిలపలు పట్టుకుని కోయంబత్తూరు వెళ్ళలేడు కదా. ఈ చుట్టుపక్కల శ్రీకాకుళం నుంచి ఉప్పాడ దాకా నేసేవాళ్ళందరికీ విశాఖ అందుబాటులో ఉంటుంది, బస్సుంది, రైలుంది. ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, ఏదో ఒక కాలేజీలో ఒక గది ఇస్తే చాలు, పిల్లలకు కూడా సెన్సర్ అంటే ఏమిటో కళ్ళతో చూసి నేర్చుకునే వీలుంటుంది. నా చిన్నప్పుడు మా నాన్న చిట్టివలస జూట్ మిల్లులో పనిచేశారు, 2009లో ఆ మిల్లు మూతపడింది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల దారం గురించి మాట్లాడేవాళ్ళే తగ్గిపోయారు.

అయితే ఇక్కడ ల్యాబు పెట్టేవాళ్ళకు ఒక హెచ్చరిక. ముందు మిషన్ కొనకండి, ముందు గది సిద్ధం చేయండి. పత్తి గాలిలో తేమను పీల్చుకుంటుంది, నీటి డైఎలెక్ట్రిక్ విలువ (కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) 80 దగ్గర ఉంటే పొడి పత్తిది ఒక అంకె సంఖ్యే, కాబట్టి దారంలో తేమ కాస్త అటూ ఇటూ అయినా కెపాసిటెన్స్ సెన్సర్ దాన్ని దారం బరువులో తేడా కింద లెక్కేస్తుంది. అందుకే ప్రమాణం ప్రకారం గదిలో తేమ 65 శాతం ఉండాలి, వేడి 20 డిగ్రీలు, మనలాంటి ఉష్ణ దేశాల్లో 27 అయినా ఒప్పుకుంటారు. మన విశాఖలో వానాకాలం పొద్దున్నే తేమ 80 దాటడం మామూలే. మామూలు ఏసీ ఒకటి బిగించి, గోడకు థర్మామీటరు తగిలించి ల్యాబు అనేస్తే అందులో వచ్చే అంకెలు నమ్మడానికి లేదు. తేమను అదుపు చేసే ప్లాంటు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు, వీటికి డబ్బు పెట్టాకే మిషన్. ఒక పాత మిషన్ మంచి గదిలో ఉండటం కొత్త మిషన్ చెడ్డ గదిలో ఉండటం కన్నా ఎంతో మేలు, ఇది నేను ఇరవై ఆరేళ్ళు చూసి చెబుతున్న మాట. వ్యాపారి ‘మీ సముద్రం గాలి’ అన్నాడే, ఆ మాటకు జవాబు చెప్పాలంటే తేమ తేడా లేని గదిలో తీసిన రిపోర్టే కావాలి.

ఈలోపు నేతన్నలు ఇంట్లోనే చేసుకోగలిగింది ఒకటుంది. కంసాలి వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోండి, మిల్లీగ్రాములు చూపించేది. 840 గజాల చిలప 40 కౌంటైతే 11.34 గ్రాములు, 80 కౌంటైతే 5.67 గ్రాములు తూగాలి. కట్టలో అక్కడక్కడి నుంచి పదీ ఇరవై చిలపలు తీసి విడివిడిగా తూచండి. వాన రోజుల్లో అన్నీ కలిపి కాస్త ఎక్కువ తూగితే అది తేమ కావచ్చు, కంగారు పడొద్దు. కానీ ఒకే కట్టలో ఒకటి ఐదుంపావు, ఇంకొకటి ఆరుంపావు తూగితే ఆ కట్టను పడుగుకు వాడకండి. దీనితో సన్న చోట్లు తెలియవు, నెప్పులు తెలియవు, అయినా కౌంటు మోసం మాత్రం దొరికిపోతుంది.

ఒక్క సంగతి స్పష్టంగా చెప్పాలి, ఇదంతా మిల్లు నూలు గురించే. పొందూరు ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికే సన్న నూలును తెచ్చి ఈ మిషన్ మీద పెట్టి, ఇది ఉస్టర్ పట్టికలో కింద ఉందని రేటు కోస్తే అంతకన్నా అన్యాయం ఇంకోటి లేదు. చేతి వడుకులో హెచ్చుతగ్గులు వేరు, ఆ గుడ్డ గుణమూ వేరు. వాళ్ళకు మిషన్ అక్కర్లేదు, సరైన కూలి కావాలి.

అలాగే సెన్సర్లు పట్టలేనివి కూడా ఉన్నాయి. రైతు పత్తిని ప్లాస్టిక్ సంచుల్లో తొక్కితే వాటి తెల్ల పోగులు దూదిలో కలిసి నూలు దాకా వచ్చేస్తాయి, కెపాసిటెన్స్ సెన్సర్‌కు వాటి ఉనికి తెలియదు, రంగు అద్దాక అవి మాత్రం తెల్లగా బయటపడతాయి. అది పత్తి చేలలో, మార్కెట్ యార్డుల్లో సరిచేయాల్సిన పని, ఇంకో ఉత్తరంలో రాస్తాను.

పరీక్ష కేంద్రం గనక పెడితే వారానికి మూడు రోజులు జీతం లేకుండా వచ్చి కూర్చుంటాను, రిపోర్టు ఎలా చదవాలో వచ్చినవాళ్ళకు చెబుతాను. నాలాగా రిటైరైన ల్యాబు మనుషులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తారు. చేనేత శాఖ అధికారులు ఈ ఉత్తరం చూస్తే దయచేసి స్పందించాలి.

మా బావమరిది దగ్గర ఆ రెండో కట్ట ఇంకా విప్పకుండానే ఉంది. దసరాకు ముందు మగ్గానికి ఎక్కించాలని అతని తొందర, వారానికోసారి ఫోన్ చేసి ‘బావా, విప్పమంటావా, వద్దంటావా?’ అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలో తెలియక, ముందు ఇరవై చిలపలు తూచి బరువులు రాసి పంపమన్నాను.

ఇట్లు,
స్పిన్నింగ్ మిల్లు క్వాలిటీ ల్యాబు విశ్రాంత ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం